ఆరుంపావు చీకటి

"మళ్ళీ పోయింది సార్!"

ఇరవై అయిదో రోజు ఉదయం ఆరుంపావుకి లేబొరేటరీలో ఏడుగురు ఇంజనీర్లూ ఒక్కసారే అరిచారు. తెర మీద ఎర్రటి అక్షరాలు: కెమెరా చీకటి. ఆరూ నలభైకి అవి పచ్చబడ్డాయి: కెమెరా సిద్ధం. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. డాక్టర్ గేదెల అప్పలస్వామి మాత్రం అరవలేదు. మీసం దువ్వుకుని, "కాసిని మంచినీళ్ళివ్వండర్రా" అన్నాడు.

అది రెండువేల నలభై మూడో సంవత్సరపు విశాఖపట్నం. అలల్లోంచి కరెంటు పిండుతున్న ఊరు. బస్సులకి డ్రైవర్లు పోయి పదేళ్ళయింది గానీ కండక్టర్లు మిగిలారు. జనాన్ని లోపలికి జరపడం ఇంతవరకూ ఏ యంత్రానికీ చేతకాలేదు మరి! అలాంటి ఊరు కూడా ఛాతీ విరుచుకుని చూపించుకునే వస్తువు అప్పలస్వామి అద్దం. మనవాడు చేసింది మనం చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

చూడ్డానికి మామూలు నిలువుటద్దం. దాని వెనకాల తెర, తెర పక్కన శనగగింజంత కెమెరా. కెమెరా సెకనుకి పది ఫోటోలు తీస్తుంది. ప్రతి ఫోటోనీ ముందు దానితో చుక్క చుక్కా పోల్చి చూస్తుంది. చాలా చుక్కలు మారితే ఎవరో వచ్చినట్టు. వెంటనే తెర వెలిగి బస్సు టైమూ, వాన కబురూ, మంచినీళ్ళొచ్చే వేళా చూపిస్తుంది. చెయ్యి ఇటునుంచి అటు ఊపితే పేజీ తిరుగుతుంది. ఎవరూ కదలకపోతే తెర ఆరిపోయి మళ్ళీ ఉత్త అద్దం.

ఎన్ని చుక్కలు మారితే మనిషని నమ్మాలి? చిక్కంతా అక్కడే. మొదట్లో గోడ మీద బల్లి పాకినా, కిటికీ తెర ఊగినా అద్దం వెలిగి బస్సు టైము చెప్పేది. బల్లికి బస్సెందుకు? ఆ లెక్క కుదిర్చి, బల్లినీ మనిషినీ వేరుచేసి చూపడానికి అప్పలస్వామికి తొమ్మిదేళ్ళు పట్టింది. పెళ్ళి మాట ఎత్తితే "ముందు కన్ను తెరిపించనివ్వండి" అనేవాడు. ఆ మాట అంటూండగానే యాభై నిండాయి.

ఇప్పుడు నగర గృహ కమిటీ ఓ పరీక్ష పెట్టింది. ఒక మామూలు ఇంట్లో ముప్ఫై రోజులు అద్దం ఉంచాలి. మూడుసార్లకి మించి చెడకపోతే కొత్తగా కట్టిన పదివేల ఫ్లాట్లలోనూ అదే అద్దం. చెడిందా, లేబొరేటరీకి తాళం. వాడేవాళ్ళ పొరపాటు వల్ల ఆగితే మాత్రం అది లెక్కలోకి రాదు. అద్దం పెట్టిన ఇల్లు బస్సు కండక్టర్ నూకరత్నం గారిది. మనిషి ఒక్కతే ఉంటుంది. పొద్దున్నే ఏడింటికల్లా డ్యూటీ.

ఫోను చేసి అడిగితే ఆవిడ ఒకటే మాట: "ఏటి బాబూ, అద్దం బంగారంలా పనిచేస్తుంటే! ఒక్కనాడూ ఆగలేదు."

అక్కడ బంగారం, ఇక్కడ చీకటి! ఇంజనీర్లు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఒకడు ఎండ అన్నాడు, ఒకడు వోల్టేజీ అన్నాడు, ఇంకొకడు స్నానాల గదిలోంచి వచ్చే ఆవిరి అన్నాడు. ఆవిడ డ్యూటీలో ఉండగా వెళ్ళి కెమెరా రెండుసార్లు మార్చారు. ఉహూ. ఫోటోలు చూద్దామంటే అవి ఇల్లు దాటి రావు, కబురు మాత్రమే వస్తుంది. అదీ అప్పలస్వామి పెట్టిన నియమమే.

ఇరవై ఆరో రోజు ఆరింటికి ఆయనే స్వయంగా వెళ్ళి కుర్చీ వేసుకుని అద్దం ఎదురుగా కూర్చున్నాడు. నూకరత్నం టీ ఇచ్చింది. తువ్వాలు భుజాన వేసుకుంది. అద్దం ముందుకి వెళ్ళి నుదుటి స్టికర్ బొట్టు తీసి అద్దానికి అంటించింది. స్నానానికి వెళ్ళిపోయింది.

టైము ఆరుంపావు.

ఆయన టీ కప్పు కింద పెట్టి అద్దం దగ్గరికి వెళ్ళాడు. బొట్టు కెమెరా కంటి మీద, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా, అతుక్కుని ఉంది! పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఏడుగురు ఇంజనీర్లు, ఒక డాక్టరు, అందరూ మగాళ్ళే. హాస్టల్ గదుల్లో బతికిన వాళ్ళు. తెలుగింటి అద్దానికి బొట్లుంటాయని ఒక్కడికీ తట్టలేదు.

ఆవిడ తిరిగొచ్చి బొట్టు తీసి పెట్టుకుంది. అద్దం చక్కగా వెలిగింది.

"అక్కడే ఎందుకు పెట్టారమ్మా?" అన్నాడు నీరసంగా.

"నల్లచుక్క ఉంది కదా బాబూ, సరిగ్గా నా నుదుటి ఎత్తున. బొట్టు పెట్టుకోడానికి మీరే గుర్తు పెట్టారనుకున్నాను. ఎంత ముందుచూపో అనుకుని మా డిపో అంతా చెప్పాను!"

"అది గుర్తు కాదమ్మా. కెమెరా."

నూకరత్నం మొహంలో నవ్వు పోయింది. "కెమెరా ఉందన్నారు, పైనెక్కడో అనుకున్నాను. చీర కట్టుకునే చోట నా ఎదురుగానే కన్ను పెట్టారా?"

"ఫోటోలు ఎక్కడికీ పోవమ్మా, ఒట్టు."

"పోకపోవచ్చు. చూస్తుంది కదా! ఇంక ఆ బొట్టు తెలిసే పెడతాను బాబూ. చీర కట్టుకున్నాకే తీస్తాను. మీ పరీక్ష పోతే నన్ను తిట్టుకోండి."

ఆయన సరేనని తలూపి, కుర్చీ తీసిన చోటే పెట్టేసి బయల్దేరాడు.

ముప్ఫయ్యో రోజు కమిటీ అధ్యక్షురాలు హైమావతి గారు నూకరత్నం ఇంటికి వచ్చి లెక్క చదివారు. "ముప్ఫై రోజుల్లో ముప్ఫైసార్లు చెడింది. ఏమంటారు డాక్టర్ గారూ?"

పరికరం వాడడం నూకరత్నానికి రాలేదని ఒక్క మాటంటే లెక్కలోంచి ఆ ముప్ఫై కొట్టేస్తారు. ఇంజనీర్లు ఆ మాట అనమని పక్కనుంచి పొడుస్తూనే ఉన్నారు. అప్పలస్వామి తల ఎత్తాడు. "తప్పు నాదండీ. తొమ్మిదేళ్ళు కన్ను తెరవడం గురించే ఆలోచించాను."

నూకరత్నం ఊరుకోలేదు. బస్సులో జనాన్ని జరిపే గొంతు ఎత్తింది. "చెడటమేటమ్మా! నేను మూస్తే మూసుకుంది, తెరిస్తే తెరుచుకుంది. చెప్పిన మాట విన్నదాన్ని చెడిందంటారా?"

హైమావతి గారు అద్దం దగ్గరికి నడిచారు. తన బొట్టు తీసి నల్లచుక్క మీద అంటించారు. తెర ఆరింది. తీశారు, వెలిగింది. మళ్ళీ అంటించారు. అలాగే ఉంచి కాయితం మీద సంతకం చేశారు. "ఒక్క షరతు. ప్రతి అద్దానికీ ఆ చుక్క అందరికీ కనబడాలి, చేతికి అందాలి."

అలా పదివేల ఇళ్ళకి మన అద్దం వెళ్ళింది. పెట్టెలో వాడుక పుస్తకంతో పాటు ఒక బొట్ల అట్ట కూడా పెట్టారు. నిద్రపోని కన్ను చేసిన మనిషికి పేరు తెచ్చింది కన్ను మూసే బొట్టు! అయినా గర్వమే. ఎవరి కన్ను ఇంత బుద్ధిగా మూసుకుంటుంది చెప్పండి?

ఆ సాయంత్రం అప్పలస్వామి గదికి వెళ్ళి చొక్కా విప్పబోయాడు. ఎదురుగా గోడకి ఆయన చేసిన మొట్టమొదటి అద్దం. తొమ్మిదేళ్ళుగా రోజూ దాని ముందే బట్టలు మార్చుకున్నాడు. చెయ్యి బొత్తాం మీదే ఆగిపోయింది. మళ్ళీ బొత్తాలు పెట్టుకుని వీధి చివరి ఫ్యాన్సీ షాపుకి నడిచాడు.

"ఒక బొట్ల ప్యాకెట్టు" అన్నాడు నేల చూస్తూ.

షాపావిడ మొహం విప్పారింది. "ఎన్నాళ్ళకి బాబూ! చెప్పనేలేదు, అమ్మాయి ఎవరు?"

"అమ్మాయి కాదండీ" అన్నాడు అప్పలస్వామి. "నాకే."