మూడో డబ్బాలో మనిషి

తిరువూరు బస్టాండు వెనక గిరిబాబు గేముల షాపుకి పేరు చెడింది మొన్నటి వానాకాలంలోనే. షాపులో ఐదు డబ్బాలు. బిళ్ల వేసి, నిలబడి ఆడుకునే పాతకాలపు గేములు. నాలుగింటి దగ్గర పిల్లలు ఎగబడేవాళ్లు. మూడోదాని జోలికి మాత్రం ఒక్కడూ పోయేవాడు కాదు.

"అందులో మనిషున్నాడు" అనేవాళ్లు.

ఆట అయిపోగానే తెర తెల్లబడుతుంది చూశారూ... ఆ రెండు క్షణాలూ తెర మీద ఒక మనిషి నిలబడి ఉంటాడట. కదలడు, మెదలడు. శత్రువేమో అనుకుని మణికంఠ అనే ఘనుడొకడు తెర తెల్లబడ్డ ప్రతిసారీ మీటలు టకటకా నొక్కి కాల్చబోయాడు. ఆ మనిషికేం కాలేదు. మణికంఠకే మూడు రోజులు జ్వరం కాసింది. ఇందులో నేను కలిపిందేమీ లేదు, విన్నది విన్నట్టు చెబుతున్నాను.

గిరిబాబు నిమ్మకాయలు కట్టించాడు, కొబ్బరికాయ కొట్టించాడు. లాభం లేకపోయింది. చివరికి ఐజాక్‌కి ఫోను చేశాడు. రెండు నెలల కిందట ఆ డబ్బాకి పిక్చర్ ట్యూబు మార్చింది అతనే మరి.

"షట్టరు దించాక రా ఐజాకూ. పగలు విప్పావంటే ఊరంతా వచ్చి నిలబడుద్ది. ఆ ట్యూబు పీకేసి ఫ్లాట్ మానిటరు బిగించెయ్."

ఐజాక్ గురించి కాస్త చెప్పాలి. ఇటు విస్సన్నపేట నుంచి అటు గంపలగూడెం దాకా ఎవరింట్లో టీవీ పాడైనా అతనే వెళ్లాలి. పని నిండుగా చేస్తాడు, మాట తక్కువ. ఎందుకంటే... పదకొండేళ్ల కిందట అతని తండ్రి యోసేపు గంపలగూడెం రోడ్డులో ఒక పత్తి మిల్లుకి రాత్రి వాచ్‌మన్. ఒక రాత్రి డ్యూటీకి వెళ్లినవాడు తెల్లారి ఇంటికి రాలేదు. గేటు వదిలేసి, ఎవతెనో తీసుకుని ఖమ్మం పారిపోయాడని మిల్లువాళ్లు చెప్పారు. ఊరు నమ్మేసింది. ఊరికి అలాంటి కబురే కావాలి కదా!

తల్లి మేరమ్మ నమ్మలేదు. అలాగని చచ్చిపోయాడనీ అనుకోలేకపోయింది. పదకొండేళ్లుగా ప్రార్థనకి వెళ్లి ఆఖరి వరసలో కూర్చుని, అందరికంటే ముందే లేచి వచ్చేస్తుంది. నాన్న మనల్ని వదిలేసి పోయాడా, లేదా... ఐజాక్‌కి తెలియాల్సింది ఆ ఒక్క ముక్కే. అది చెప్పేవాళ్లే లేరు.

ఆ రాత్రి పది దాటాక ఐజాక్ షట్టరు కింద నుంచి వంగి షాపులోకి వెళ్లాడు. గిరిబాబు షట్టరు దగ్గరే ఆగిపోయాడు.

"దెయ్యమూ లేదు, పాడూ లేదు సార్" అన్నాడు ఐజాక్, డబ్బా వెనక చెక్క విప్పుతూ. "ఈ ట్యూబు పాతసామాన్ల కొట్లో కొన్నా. ఎక్కడో కాపలా కెమెరాకి పెట్టిన తెరంట. రాత్రీ పగలూ ఏళ్ల తరబడి ఒకటే బొమ్మ కనపడితే, ఆ బొమ్మ అద్దం లోపల మాడి ఉండిపోద్ది. కొనేటప్పుడు నేను చూసుకోలేదు. తప్పు నాదే."

గిరిబాబుకి ప్రాణం లేచొచ్చింది. "ఓస్, మచ్చా! దీనికా నేను రెండు డజన్ల నిమ్మకాయలు కట్టించింది!"

"లైటు ఆపండి, చూపిస్తా."

లైటు ఆరింది. ఐజాక్ డబ్బా వెనకున్న చిన్న మర తిప్పి ముందుకొచ్చాడు. తెరంతా తెల్లబడింది... అందులోంచి మెల్లగా మచ్చ తేలింది.

రెండు స్తంభాలు. మధ్యలో గేటు. ఒక రెక్క కిందికి కుంగి ఉంది.

ఆ గేటు ఐజాక్‌కి తెలుసు. చిన్నప్పుడు రోజూ రాత్రి నాన్నకి క్యారేజీ తీసుకెళ్లిన గేటు!

దాని పక్కన మనిషి. తలకి తువ్వాలు చుట్టుకుని, ఎడమ భుజం కాస్త జార్చి నిలబడ్డాడు. మొహం తెలియడం లేదు. నాన్నని గుర్తుపట్టడానికి ఆ భుజం చాలు.

"వాచ్‌మన్ అయ్యుంటాడు" అన్నాడు గిరిబాబు తేలిగ్గా. "గేటు దగ్గర ఇంకెవరుంటారు?"

"మనుషులు మాడరు సార్..."

"ఏంటీ?"

"కదిలేవి మచ్చ పడవు. ఆ గేట్లోంచి ఎన్ని లారీలు పోయాయో... ఒక్కటన్నా ఉందా చూడండి. వాచ్‌మనైనా టీకి పోతాడు, కాసేపు కూర్చుంటాడు... తెల్లారితే ఇంటికెళ్తాడు. ఏళ్ల తరబడి... ఒక్క అడుగు కూడా కదలకుండా నిలబడితేనే..."

గిరిబాబు చెయ్యి గోడ మీద లైటు స్విచ్చి కోసం తడుముకుంది. దొరకలేదు.

"ఆ కెమెరా ఎప్పుడు పెట్టారో తెలుసా సార్?" ఐజాక్ గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "మా నాన్న గేటు వదిలేసి పారిపోయాడనీ... ఇక మనుషుల్ని నమ్మలేమనీ... ఆయన పోయిన వారానికి పెట్టారు."

ట్యూబు సన్నగా కూస్తోంది.

ఐజాక్‌కి భయం వేయలేదు. ఏడుపొచ్చింది. పదకొండేళ్లుగా ఎవరేమన్నా తలొంచుకుని విన్నాడు. తనూ లోలోపల నాన్నని తిట్టుకున్నాడు. ఇంటికి ఫోను చేశాడు.

"అమ్మా... నాన్న ఎక్కడికీ పోలేదే."

మేరమ్మ అంతా విన్నది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఎటు చూస్తన్నాడ్రా?"

ఐజాక్ తెరకి మొహం తగిలేంత దగ్గరగా వంగాడు. రోడ్డు వైపు కాదు. గేటు వైపూ కాదు. తువ్వాలు చుట్టిన తల కిందికి వాలి ఉంది. పాదాల ముందు నలుచదరంగా పెద్ద మచ్చ... పత్తి లారీలు నిలబెట్టి బరువు తూచే కాటా.

"కాటా వైపమ్మా... దాని అడుక్కి చూస్తన్నట్టున్నాడు."

అవతల ఏదో కింద పడ్డ చప్పుడైంది. మేరమ్మ గొంతు మళ్లీ వినపడేసరికి అది ఆమె గొంతులా లేదు.

"ఆ కాటా కింద గోతికి కాంక్రీటు పోసింది... మీ నాన్న ఇంటికి రాని రోజు పొద్దున్నేరా. నేను గేటు దగ్గర నిలబడి, మా ఆయన ఏడయ్యా అని అడుగుతా ఉంటే... నా కళ్ల ముందే పోశారు."