నాలుగు వేళ్ల గుర్తు

వకుళ వంపు గీసి, కలం ఎత్తి, రంగు కోసం ఎదురుచూసింది. ఆకుపచ్చ వస్తే గీత తనది. ఎరుపు వస్తే ఇంకెవరో ముందే గీసుకున్నది, చెరిపేసి వేరే దారి చూసుకోవాలి. తొమ్మిదేళ్లుగా ఆమె పని ఇలాగే సాగుతోంది: గీయడం, ఆగడం, చూడటం. ఈ పొద్దున మాత్రం గీత ఎవరిదో చెప్పే హక్కుపలక చాలాసేపు తటపటాయించి ఆ వంపును ఊదారంగులోకి మార్చింది. అలాంటి రంగు ఒకటి ఉందని ఆమెకు తెలియనే తెలియదు.

చున్నీ కొసతో పలక తుడిచింది. ఆపి, మళ్లీ వెలిగించింది. ఊదా ఊదాగానే ఉంది. పోనీ కళ్లలోనే ఏదైనా తేడా ఉందేమోనని కిటికీలోంచి అక్కయ్యపాలెం రోడ్డు వైపు చూసింది. రోడ్డు ఎప్పటిలాగే ఉంది.

పని పెద్దదేమీ కాదు. అనకాపల్లిలో బెల్లం వండే నూకరాజుకి దిమ్మ మీద అంటించే లేబుల్ కావాలి. పేరు, బరువు, మధ్యలో ఒక గుర్తు. ఆ గుర్తు కోసమే ఆమె నాలుగు వంపులు పక్కపక్కన గీసింది, నాలుగూ ఒకే వైపు ఒరిగేలా. చెయ్యి దానంతటదే తిరిగింది. అలా తిరిగినప్పుడు డిజైనర్లకు కలిగే చిన్న గర్వం ఆమెకూ కలిగింది. గీతలకు వెల కట్టే తూనికలో పెట్టి ధర వచ్చేస్తే మధ్యాహ్నం భోజనం నిశ్చింతగా చేయొచ్చనుకుంది.

తూనిక రాకముందు రోజులు ఆమెకు గుర్తే. ధర అడిగితే డిజైనరు నసిగేది. "చిన్న పనే కదా, అయిదు నిమిషాల్లో అయిపోద్ది" అనేవాడు కస్టమరు. బొమ్మ చేరాక ఫోను ఎత్తేవాడు కాదు. నోరు తెరిచి ధర చెప్పలేని ఈ మొహమాటపు జాతి నాలుగు వేళ్లూ నోట్లోకి వెళ్లాలనే ఉద్దేశంతోనే తూనిక పుట్టింది. ఇప్పుడు బేరాలు లేవు, బకాయిలు లేవు. గీతకు యజమాని తేలితే ధర తేలుతుంది, ధర తేలితే డబ్బు దానంతటదే చేరుతుంది. యజమాని తేలకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ ఆమెకు చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

ఇప్పుడు తూనిక తరఫున తగువులు తేల్చే మధ్యవర్తిని పిలిచి అడిగింది. గోడలోంచి ఆ గొంతు ఎప్పటి మర్యాదతోనే పలికింది.

"ఈ గీతకు ఇద్దరు యజమానులు కనిపిస్తున్నారు. ఒకరు నీలధార పానీయాల సంస్థ. మూడేళ్ల క్రితం మీరే వారికి సంపూర్ణార్పణ చేశారు."

అది నిజమే. నీలధార సీసా మీది అల ఆమె గీసినదే. అందులోని వంపు ఇదేనని ఆమె ఇప్పుడే చూసింది. అప్పుడది తన బుర్రలోంచి పుట్టిందనుకుని, మురిసిపోయి, సర్వహక్కులతో అమ్మేసింది.

"రెండోవారు?"

"మీ అడుగుపొరలో ఉన్న ఫోటో. తీసి నలభై ఏళ్లు దాటింది."

వకుళ నాలుక కరుచుకుంది. కస్టమరు నమూనా అని పంపిన ఫోటోను అడుగుపొరలో పెట్టుకుని పని చేయడం, తూనికకు పంపేముందు ఆ పొర తీసేయడం ఈ వృత్తిలో పసివాళ్లకు కూడా తెలిసిన జాగ్రత్త. ఈ పొద్దున నూకరాజు పంపిన ఫోటోను సరిగా చూడకుండానే పెట్టి, తీయడం మరిచిపోయింది. తెరిచి చూస్తే పాతబడిన ఫోటో: బెల్లం దిమ్మ, దాని నెత్తిన నాలుగు గుంటలు. వేడి మీద ఉన్న బెల్లాన్ని ఎవరో నాలుగు వేళ్లతో నొక్కిన గుర్తు.

ఆ గుంటలు ఆమెకు తెలుసు. అనకాపల్లిలో వాళ్లింటి వంటింటి అలమరలో అలాంటి దిమ్మే ఉండేది. అమ్మ చూడకుండా ఆ గుంటల్లో తన చిన్న వేళ్లు పెట్టి, నాకి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చేది. బుర్రలోంచి పుట్టిందనుకున్నది వేళ్ల చివర్లోంచి వచ్చింది.

సూర్యాస్తమయంలోగా యజమానిని ఎంచమంది మధ్యవర్తి. నీలధార అంటే, నూకరాజు ఆ గుర్తును తన లేబుల్ మీద ఏనాటికీ అచ్చు వేయించుకోలేడు. ఫోటోలోని చెయ్యి అంటే, వకుళ తనది కానిదాన్ని అమ్మినట్టు. గీసే హక్కునిచ్చే ఆమె గీతపత్రం రద్దవుతుంది, ఆపైన ఏ పలకా ఆమె చేతిని గుర్తుపట్టదు. ఎంచకపోయినా రద్దే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇక్కడ కప్ప ఎవరో, పాము ఎవరో కూడా ఆమెకు అర్థం కాలేదు.

నూకరాజు మధ్యాహ్నం వచ్చాడు. తెరలో చూసి ఒప్పుకోవడం అతనికి నచ్చదు. కాగితంలో చుట్టిన దిమ్మ ఒకటి సంకన పెట్టుకుని బస్సెక్కి వచ్చేశాడు. యాభై దాటిన మనిషి. పలక చూసి సంతోషించాడు.

"ఊదారంగు బాగున్నాదమ్మా. అదే ఉంచీండి."

అది రంగు కాదని, తగువని ఆమె వివరించింది. అతను సగం విని చెయ్యి ఊపేశాడు. ఆ ఫోటోలోని గుర్తు వాళ్లమ్మ వేళ్లదట, ఆవిడ పోయి పదేళ్లయిందట, ఆవిడకు ఈ హక్కులూ అవీ ఏం తెలుసట. ఆ గీత వకుళదేనని చెప్పేసి గొడవ వదిలేయమన్నాడు.

"నాది కాదండీ," అంది వకుళ. "చిన్నప్పుడు మా ఇంట్లో మీ బెల్లమే. ఆ గుంటల్లో వేళ్లు పెట్టి ఆడుకునేదాన్ని. తెలీకుండా అదే గీసి, నీలధార వాళ్లకి అమ్మేశాను."

నూకరాజు పలక మీదికి వంగి ఆ వంపుల్ని చూశాడు.

"అయితే ఆ సీసా మీదున్నది మాయమ్మ సెయ్యా?" అన్నాడు. "పెతి కొట్టులోనూ సూస్తన్నాను. ఎక్కడో ఎరిగున్నట్టుంటాది, ఏటో తెలీదు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కోపమో సంతోషమో వకుళకు తెలియలేదు. అతనికీ తెలిసినట్టు లేదు. తిట్టి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది. అతను మాత్రం కాగితం విప్పి దిమ్మను బల్ల మీద పెట్టాడు.

"ఇది నాను నొక్కింది. సూడండి, నాది కొంచెం వొంకర. మా కోడలిది సన్నం. ఎవులు దింపితే ఆలు నొక్కుతారు. మాయమ్మనాగ మళ్లీ ఎవులికీ పడనేదు."

వకుళ ఫోటో చూసింది, దిమ్మ చూసింది. రెండూ ఒకే గుర్తు, రెండూ ఒకటి కాదు. తూనిక ప్రతిని తూస్తుంది. ఒకటి వెయ్యిగా అచ్చయ్యేదాన్ని తూస్తుంది. వెయ్యి దిమ్మల మీద వెయ్యి రకాలుగా పడేదాన్ని ఏం చేస్తుందో?

ఊదారంగు వంపులు నాలుగూ చెరిపేసింది. ఫోటో పొర తీసేసింది. అంచు, పేరు, బరువు ఉంచి, మధ్యలో అరచేయంత గుండ్రటి తెల్ల జాగా వదిలేసింది.

"ఏటమ్మా, మద్దెలో ఏటీ నేదు?"

అక్కడ దిమ్మ దింపినవాళ్లు గోరువెచ్చటి పాకంలో వేళ్లు ముంచి నొక్కాలని ఆమె చెప్పింది. అతను తెల్లజాగాని చాలాసేపు చూశాడు. తర్వాత నాలుగు వేళ్లూ గాలిలో ఒరిగించి, సరిపోతుందో లేదో కొలుచుకున్నాడు.

లేబుల్ తూనికకు వెళ్లింది.

"గుర్తు కనిపించడం లేదు," అంది మధ్యవర్తి.

"ఇంకా పడలేదు."

"యజమాని?"

"నొక్కినవాళ్లు."

"ప్రతి లేదు. ఇద్దరు యజమానుల ప్రశ్న నిలవడం లేదు, ఎంచనక్కర్లేదు." నూకరాజు పలక వైపు తొంగి చూశాడు. "ధర రావడం లేదు."

తెల్లజాగా ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి ఎర్రగా, ఒకసారి ఊదాగా మెరిసి, ఏదీ కాకుండా తెల్లగానే ఉండిపోయింది. పలక మీద ఎప్పుడూ ధర పడే చోటు ఖాళీగా ఉంది. నూకరాజు ఆ ఖాళీని చూసి, ఆమె వైపు తిరిగాడు.

"మరి ఎంతియ్యమంటారమ్మా?"

వకుళ నోరు తెరిచింది. తొమ్మిదేళ్లుగా ఆమెను ఎవరూ ఆ మాట అడగలేదు. ఎంత? పొద్దుటి నుంచి పడిన గాభరాకు ఎంత? గీయకుండా వదిలిన జాగాకు ఎంత? ఎక్కువ చెబితే సిగ్గు, తక్కువ చెబితే ఏడుపు. ఆమె పాత మొహమాటాన్ని పక్కన పెట్టి, ఒక అంకె పైకి చెప్పింది. తన గొంతే తనకు కొత్తగా వినిపించింది.

నూకరాజు మొహం కొంచెం ముడుచుకుంది.

"ఖాళీ కాగితానికి అంతేటమ్మా? కొంచెం తగ్గించండి."

భయంగానూ ఉంది, ఎందుకో నవ్వూ వచ్చింది ఆమెకు. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.

"తగ్గించడం అనే చర్య నమోదులో లేదు," అంది మధ్యవర్తి. "దయచేసి వివరించండి."

"కాసేపు ఆగు," అంది వకుళ గోడ వైపు చూడకుండానే. "మేం మాట్లాడుకుంటున్నాం."