గొడుగు పోయిన సినిమా

"కళ్ళు మూసుకోండమ్మా. సినిమా మొదటినుంచి చెప్పండి. ఎంత గుర్తుంటే అంతే చెప్పండి."

హేమలత కళ్ళు మూసుకుంది. తలకి తొడిగిన టోపీ బరువేమీ లేదు గాని, దాని లోపలి తీగలు నుదుటికి చల్లగా తగులుతున్నాయి. ఎదురుగా డాక్టర్ నజ్మా తన కంప్యూటర్ తెర వైపు చూస్తూ కూర్చుంది. వాళ్ళిద్దరి మధ్య బల్లమీద పాత డీవీడీ ఒకటి ఉంది. ఆ రోజు పరీక్ష దానిమీదే.

"వాన," అంది హేమలత. "మాట్నీకి వెళ్ళాం. పెళ్ళయి నెల కూడా కాలేదు. హాలు రేకులమీద వాన దడదడా పడుతుంటే హీరో ఏమంటున్నాడో ఒక్క ముక్క వినపడదు. ఈయన నా చెవిలో డైలాగులు చెప్పడం మొదలెట్టారు, అన్నీ సొంతవే. ఏడవాల్సిన చోట నేను నవ్వుతుంటే ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. బయటికొచ్చి సగం దూరం నడిచాక చూసుకుంటే గొడుగు లేదు. మా అమ్మ సారెతో పాటు పెట్టిన గొడుగు. సీటు కింద వదిలేశాం. నువ్వు మర్చిపోయావంటే నువ్వు మర్చిపోయావని ఇప్పటికీ పోట్లాటే."

నజ్మా నవ్వింది. "బావుంది గాని, సినిమా చెప్పండమ్మా."

"సినిమాయే కదమ్మా చెబుతున్నాను."

అప్పటికి కాకినాడలో సగం సముద్రంలో కలిసిపోయింది. ఒడ్డున మిగిలినవాళ్ళని ప్రభుత్వం పెద్దాపురం వైపు మెట్టమీదికి తరలించి, అక్కడ ఆకాశమంత ఎత్తు టవర్లు కట్టించింది. మనుషులు ఎక్కువ, మెట్ట తక్కువ. ఇంటికి ముందొక గది, వెనక సగం గది, వంటకి ఒక గట్టు. కొత్తగా ఒక వస్తువు కొనాలంటే ముందు ఏది తీసేయాలో ఆలోచించుకోవాలి. పెళ్ళిళ్ళకి సామాన్లు చదివించడం మానేశారు. అత్తారింటికి వెళ్తూ కోడలు పట్టుకెళ్ళేది ఒక సంచీ మాత్రమే.

అలాంటి ఇంట్లో హేమలత, వీరభద్రం దంపతులు ఒక గోడ నిండా సినిమాలు పెట్టుకుని బతుకుతున్నారు. ఒకప్పుడు వాళ్ళకి కాకినాడలో వీడియో లైబ్రరీ ఉండేది. ముందు క్యాసెట్లు, తర్వాత సీడీలు, ఆ తర్వాత డీవీడీలు. జనం అద్దెకి తీసుకోవడం మానేశాక షాపు మూసేశారు గాని సరుకు ఇంటికి తెచ్చుకున్నారు. అందులో చాలావాటికి మరో కాపీ లేదు. ఆడని సినిమాలు, పదిమందికి మించి చూడని సినిమాలు, తీసినవాళ్ళే పోగొట్టుకున్న సినిమాలు. ఇంటర్నెట్‌లో వెతికితే వాటి పేరు కూడా దొరకదు.

తగ్గించాలని వాళ్ళు ప్రయత్నించకపోలేదు. ముందు ప్లాస్టిక్ డబ్బాలు పారేసి డిస్కుల్ని కాగితం కవర్లలో పెట్టారు. తర్వాత ఒక ఆదివారం కూర్చుని ఇవి ఇచ్చేవి, ఇవి ఉంచుకునేవి అని రెండు కుప్పలు చేశారు. సాయంత్రమయ్యేసరికి ఇచ్చే కుప్పలోవి ఒక్కొక్కటే ఉంచుకునే కుప్పలోకి వచ్చేశాయి. కారణం, చేతిలోకి తీసుకున్న ప్రతిదానికీ ఒక పేరు ఉండటమే. సినిమాకి పెట్టిన పేరు కాదు, వాళ్ళు పెట్టుకున్న పేరు.

షాపులో మొదలైన అలవాటది. వచ్చేవాళ్ళెవరికీ సినిమా పేరు గుర్తుండేది కాదు. "మా పెద్దాడు పుట్టినప్పుడు చూశామండీ, అందులో ఒక కుక్క ఉంటుంది" అనేవాళ్ళు. వాళ్ళని చూసి నవ్వీ నవ్వీ, చివరికి వీళ్ళకీ అదే పట్టుకుంది. ఒకటి జామకాయల సినిమా. అందులో జామకాయలేమీ ఉండవు, చూస్తూ వీళ్ళు తిన్నారంతే. ఇంకొకటి లిఖిత కక్కిన సినిమా. లిఖిత వాళ్ళ కూతురు, అప్పటికి చంటిపిల్ల. మామయ్యగారు అలిగిన సినిమా, కరెంటు పోయిన సినిమా, గొడుగు పోయిన సినిమా. ఈ పేర్లు ఎక్కడా రాసి లేవు. ఆ ఇద్దరి నోళ్ళలోనే ఉండేవి.

ఈమధ్య వీరభద్రం మర్చిపోవడం మొదలుపెట్టాడు. ముందు మందులు, తర్వాత మనుషులు. చూపు కూడా మందగించింది. అయినా సాయంత్రం పూట హేమలత పక్కన కూర్చుని సినిమా కథ చెబితే మాత్రం మనిషి తేటపడేవాడు. ఆవిడ సరిగా చెప్పేది కాదు. "హీరోయిన్ వాళ్ళ నాన్న పోస్టుమాస్టరు" అనగానే ఆయన లేచి కూర్చునేవాడు. "నీ మొహం. స్టేషన్ మాస్టరే. చేతిలో పచ్చజెండా ఉంటుంది కదే." బ్లాక్ అండ్ వైట్ సినిమాలో జెండా పచ్చదని మీకెలా తెలుసు, ఎర్రదే అని ఆవిడ, నీకు ఎర్రదని ఎలా తెలుసని ఆయన. వెనక గదిలోంచి లిఖిత "మీరిద్దరూ మెల్లగా పోట్లాడుకోండి, పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు" అనేది.

ఒకరోజు ఆయన మంచం మీంచి పడ్డాడు. పక్కల కమ్ములున్న ఆస్పత్రి మంచం తప్పనిసరి అన్నారు డాక్టర్లు. లిఖిత టేపు తెచ్చి గది కొలిచింది. మంచం పట్టే చోటు ఒక్కటే, సినిమాలున్న గోడ. కూతురు టేపు చుట్టేసి తల్లి వైపు చూసింది.

హేమలతకి దిగులు గోడ గురించి మాత్రమే కాదు. తనకీ మరుపు మొదలైందేమోనని అనుమానం. పాలు పొయ్యిమీద పెట్టి మర్చిపోయింది. ఎదురింటావిడ పేరు నాలుకమీదికి రాక, లిఫ్టులో ఆవిడ కనపడకుండా మెట్లెక్కింది. డిస్కులూ పోయి, నేనూ మర్చిపోతే ఆయన దగ్గర కూర్చుని ఏం చెప్పను, ఆయన నన్ను దేనితో గుర్తుపడతారు అని లోపల్లోపల కుమిలిపోయేది. సరిగ్గా అప్పుడే నజ్మా ధారణ యంత్రం తయారుచేసి, పరీక్షకి రమ్మని టవర్లలో ప్రకటన ఇచ్చింది.

ఈ యంత్రం చేసే పని సులువుగానే చెప్పొచ్చు. మనం ఒక సినిమా చూస్తే మెదడులో కొన్ని నరాల కణాలు ఒకదానితో ఒకటి ముడి పడతాయి. అదే జ్ఞాపకం. ఏళ్ళు గడిచేకొద్దీ ముడులు వదులవుతాయి, కొన్ని ఊడిపోతాయి. మనిషి నిద్రపోతుండగా టోపీలోని తీగలు ఆ ముడుల్ని ఒక్కొక్కటే వెతికి, డిస్కులో ఉన్న అసలు సినిమాతో పోల్చి చూస్తాయి. సరిపోయినదాన్ని బిగిస్తాయి, లేనిదాన్ని కొత్తగా వేస్తాయి. లేచాక కళ్ళు మూసుకుంటే చాలు, సినిమా అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. ఇక డిస్కు అక్కర్లేదు. ఇంట్లో గోడ మిగులుతుంది.

"మరి నాకు తప్పుగా గుర్తున్నవో?" అని అడిగింది హేమలత.

"వాకిట్లో నిన్నటి ముగ్గు చెరిపేసే కదమ్మా ఇవాళ్టిది పెడతాం. సినిమాలో లేనిదేదైనా ఆ ముడుల్లో చిక్కుకుని ఉంటే యంత్రం విప్పేస్తుంది. లేకపోతే కొత్తదానికి చోటుండదు."

హేమలతకి అది చాలా నచ్చింది. "అయితే జెండా రంగు సంగతి తేలిపోతుందన్నమాట. ఇక ఆయన మీద గెలుపు నాదే."

ఆ మొదటి రోజు పరీక్షలో ఆవిడ చెప్పినదంతా నజ్మా రికార్డు చేసి సినిమాతో పోల్చి చూసింది. దాదాపు ఏదీ సరిపోలేదు. తెరమీద ఆవిడ జ్ఞాపకమంతా ఎర్రగా, తప్పుల తడకగా కనిపించింది. ఇంత పాడైపోయిన జ్ఞాపకాన్ని బాగుచేయగలిగితే యంత్రం నెగ్గినట్టేనని నజ్మా సంతోషపడింది. వాన, రేకులు, గొడుగు ఆ మనిషి జీవితంలోవి కాబట్టి మెదడులో ఇంకెక్కడో విడిగా భద్రంగా ఉంటాయని అనుకుంది. అందరికీ అలాగే ఉంటాయి కూడా. బతుకులో ప్రతి సంగతినీ తీసుకెళ్ళి ఒక సినిమాకి కట్టేసి, అక్కడ తప్ప ఇంకెక్కడా దాచుకోని మనుషులుంటారని ఆమె చదువుకున్న చదువులో లేదు.

వారం వారం హేమలత ఒక సంచీడు డిస్కులు పట్టుకెళ్ళేది. పని అయిన డిస్కుల్ని టవర్ వాళ్ళు తీసుకెళ్ళి కరిగించి నేలమీద పరిచే పలకలు పోసేవారు. గోడ కొంచెం కొంచెంగా తెల్లబడింది. చివరి సంచీ వెళ్ళిన మర్నాడు మంచం వచ్చింది. అంగుళం తేడా లేకుండా పట్టింది.

ఆ సాయంత్రం హేమలత మంచం పక్కన కూర్చుని స్టేషన్ మాస్టర్ సినిమా చెప్పింది. ఒక్క డైలాగు తప్పలేదు. రైలు పెట్టెమీద ఉన్న అంకెతో సహా చెప్పింది. వీరభద్రం మొదట ఆశ్చర్యంగా విన్నాడు. మధ్యలో రెండుసార్లు ఏదో అనబోయి, అనడానికేమీ లేక ఊరుకున్నాడు. జెండా బూడిదరంగు అని ఆవిడ చెప్పినప్పుడు "ఓహో" అన్నాడు, అంతే. కథ సగంలో ఉండగానే నిద్రపోయాడు. తర్వాతి రోజుల్లోనూ అదే వరస. తప్పు పట్టుకోవడానికి ఏమీ దొరక్క ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆవిడేమో ఇంకా బాగా చెప్పాలేమోనని వెనక వాయించే సంగీతం కూడా నోటితో పలికేది.

ఒక సాయంత్రం వాన పడింది. కిటికీ రేకుమీద చినుకులు పడుతుంటే వీరభద్రం కళ్ళు తెరిచి, చాలారోజుల తర్వాత తనంతట తనే అడిగాడు.

"గొడుగు పోయిన సినిమా చెప్పవే."

హేమలత కళ్ళు మూసుకుంది. తలలో ఉన్న సినిమాలన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. ఒకదాంట్లో వంతెన మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ హీరోయిన్ ఉంది. ఇంకోదాంట్లో గొడుగులు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. పోవడం మాత్రం ఎక్కడా లేదు. ఆవిడకి ఖచ్చితంగా తెలుసు.

"ఏ సినిమాలోనూ గొడుగు పోలేదండీ."

ఆయన నవ్వాడు. "ఎందుకు పోలేదూ. పోగొట్టింది నువ్వే కదే."

"నేనా? ఏ గొడుగు?"

ఆటపట్టిస్తోందనుకుని ఆయన ఇంకాసేపు నవ్వుతూ చూశాడు. ఆవిడ మొహంలో నవ్వు లేదు. ఆయన నవ్వు కూడా మెల్లగా పోయింది. పక్కనున్న కమ్మి పట్టుకుని కొంచెం వెనక్కి జరిగి, పరాయి మనిషితో మాట్లాడేటప్పుడు వాడే గొంతుతో అన్నాడు.

"హేమని పిలవండి. తనకి తెలుసు. మీకు తెలీదులెండి."

మర్నాడు లిఖిత తల్లిని వెంటబెట్టుకుని నజ్మా దగ్గరికి వెళ్ళింది. నజ్మా పరీక్షలన్నీ మళ్ళీ చేసింది. తర్వాత కుర్చీ హేమలత దగ్గరికి లాక్కుని, జరిగినదంతా దాచకుండా చెప్పింది. విప్పేసిన ముడులు మళ్ళీ వేయాలంటే చూసి వేయడానికి అసలుది ఉండాలి. సినిమాకి డిస్కు ఉండేది. ఆ మధ్యాహ్నానికి డిస్కు లేదు.

"తప్పులనుకున్నానమ్మా," అంది నజ్మా. "నన్ను క్షమించండి."

హేమలతకి కోపం రాలేదు. ఏం పోయిందో తెలిస్తే కదా కోపం రావడానికి. నజ్మా దగ్గర మిగిలింది ఒక్కటే, మొదటి రోజు రికార్డు చేసిన ఆవిడ గొంతు. మిగతా రోజుల్లో అలా చెప్పించడం అనవసరమని మానేశారు. ఆ రికార్డు వినిపించారు. వాన, రేకులు, చెవిలో డైలాగులు. నవ్వొచ్చే చోట హేమలత నవ్వింది. అయిపోయాక అడిగింది, "చివరికి వాళ్ళ గొడుగు దొరికిందా?"

లిఖిత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

హేమలత ఇంటికొచ్చి ఆ మాటలన్నీ బట్టీపట్టింది. సాయంత్రం భర్త పక్కన కూర్చుని, పొల్లుపోకుండా చెప్పింది. వీరభద్రం మర్యాదగా చివరిదాకా విన్నాడు. "ఈ సంగతి మీకెవరు చెప్పారండీ?" అని అడిగాడు.

ఆఖరికి లిఖిత ఆ రికార్డింగుని అగ్గిపెట్టెంత స్పీకర్లో వేయించి తెచ్చింది. ఇల్లు ఎంత ఖాళీ చేసినా, ఆయన చెవికి దగ్గరగా దానికి వేరే చోటు దొరకలేదు. చివరికి మంచం తలవైపు, హేమలత కూర్చునే చోట పెట్టారు. మీట నొక్కగానే, "వాన. మాట్నీకి వెళ్ళాం" అంటూ గొంతు మొదలైంది.

వీరభద్రం మోచేతిమీద లేచాడు. మొహం విప్పారింది. "మాట్నీ కాదే, ఫస్ట్ షో" అన్నాడు స్పీకరుతో. గొంతు ఆగలేదు. "నీ మొహం, ఏడ్చే సీను కాదది" అన్నాడు. "మా అమ్మ సారెతో పాటు పెట్టిన గొడుగు" అని వినపడగానే, "పెట్టిందిలే పెద్ద గొడుగు, దానికి రెండు చిల్లులు" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. హేమలత పొయ్యి దగ్గర్నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తనూ కొంచెం నవ్వుతూ, మంచం పక్కన తన చోట కూర్చోబోయింది.

వీరభద్రం తలెత్తి చూశాడు.

"కాస్త పక్కకి జరుగుతారా అండీ," అన్నాడు. "హేమ మాట్లాడుతోంది."