బండి మీద ఉన్నవాడు

పెళ్ళాం ఇంట్లో లేకపోతే పంచదార డబ్బా కూడా మగాడితో దాగుడుమూతలు ఆడుతుంది. ఆ పొద్దున పెద్దడ్రైవరు పాలు పొంగబెట్టుకుని, స్టవ్వు తుడిచి, ఆ గుడ్డ ఎక్కడ ఆరెయ్యాలో తెలియక విసుక్కుంటూ భార్యకు ఫోన్ చేశాడు. ఆవిడ కూతురింటికి వెళ్ళి వారమైంది. వీధి మొత్తానికి అతను పెద్దడ్రైవరు, లారీ నడిపే కొడుకు చిన్నడ్రైవరు. మోకాళ్ళు మొరాయించడంతో పెద్దాయన స్టీరింగ్ వదిలేశాడు గానీ, ముక్కు మీది కోపాన్ని మాత్రం వదల్లేదు.

ఫోన్ కూతురు ఎత్తింది.

"మీ అమ్మకివ్వు. పంచదార ఎక్కడ దాచిపెట్టి పోయిందో అడగాలి."

"నాన్నా..." అంది కూతురు. "నేనే చేద్దామనుకుంటున్నాను. అమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తూ పడిపోయింది. ఆస్పత్రికి తీసుకొచ్చాం. తలలో నరం చిట్లిందంటున్నారు. పిలిస్తే పలకట్లేదు నాన్నా."

అతను గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"తమ్ముడికి చెప్పనా? లోడుతో ఘాట్ రోడ్డు మీద ఉన్నట్టున్నాడు."

"నేను చెప్తాను. వాడి తల్లి సంగతి వాడికి తెలియాలి. నాకు జరిగిన అన్యాయం నా కొడుక్కి జరగనివ్వను."

కొడుకు ఫోన్ కలవలేదు. గుమ్మం దాటుతూ చేశాడు, కూతురి ఊరి బస్సెక్కి చేశాడు, కిటికీ పక్కన కూర్చుని మళ్ళీ మళ్ళీ చేశాడు. పక్క సీటాయన విసుగ్గా చూసినా పట్టించుకోలేదు. అతని పట్టుదలకు కారణం ఉంది.

డ్రైవర్ల ఇల్లు అది. అతని తండ్రి కూడా లారీ నడిపినవాడే. ఒకసారి చెక్‌పోస్టు దగ్గర ఎవరో ఆయనకు "మీ అమ్మ పోయిందట" అని చెప్పారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ బండి తీశాడు. రెండు మలుపులు తిరిగాడేమో, మూడోది తిరగలేదు. లోయలోంచి తీసిన శవాన్ని ఆనవాలు పట్టడానికి, ఇంకా పెళ్ళి కాని పెద్దకూతురు, అంటే పెద్దడ్రైవరు అక్క, వెళ్ళాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు. బండి మీద ఉన్నవాడికి చావు కబురు చెప్పకూడదు.

ఆ కట్టుబాటే పెద్దడ్రైవరు నెత్తిన పడింది. అతను లోడుతో దూర రాష్ట్రం పోయినప్పుడు తల్లి కన్నుమూసింది. దారిలో టెలిఫోన్ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే, అక్క మామూలు గొంతుతో మాట్లాడింది. ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. అక్కను నానా మాటలూ అని, ఆవిడ గడప మళ్ళీ తొక్కనని ఒట్టు పెట్టుకుని వెళ్ళిపోయాడు. తన కూతురి పెళ్ళికి కూడా అక్కను పిలవలేదు. కోపం పాతబడితే చల్లారుతుందంటారు. అతని కోపం మాత్రం ఊరగాయలా ఊరింది.

మధ్యదారిలో ఒక హోటల్ ముందు బస్సు ఆగింది. ఎదురుదారిలో పోయే బస్సు కూడా అక్కడే ఆగి ఉంది. అతను మొహం కడుక్కుని వస్తుంటే, బెంచీ మీద కూర్చున్న ముసలావిడ చెయ్యి చాపింది.

"కాస్త చెయ్యందించు నాయనా, కాళ్ళు పట్టేశాయి."

చెయ్యి పట్టుకుని లేపుతుండగా ఆ గొంతు ఎవరిదో అతనికి తెలిసింది. చటుక్కున వదిలేశాడు. ఆవిడ మళ్ళీ బెంచీ మీద కూలబడింది. తలెత్తి, కళ్ళు చికిలించి చూసింది.

"తమ్ముడూ... నువ్వేనా? ఎంత చిక్కిపోయావురా!"

"నేను చిక్కిన సంగతి నీకెందుకు?"

"ఎక్కడికి వెళ్తున్నావు? మరదలు బాగుందా?"

"ఆస్పత్రిలో ఉంది. చావుబతుకుల్లో ఉంది. కొడుకేమో ఘాట్ మీదున్నాడు. పొద్దుట్నుంచీ చేస్తున్నా, వాడి ఫోన్ కలవట్లేదు."

అక్క బెంచీ మీదున్న టీ గ్లాసును చేతిలోకి తీసుకుంది. "బండి మీదున్నాడా?" అంది మెల్లగా.

"ఉంటే? నోరు మూసుకోమంటావా? నీలా నేను చెయ్యలేను. అమ్మ శవాన్ని పక్కన పెట్టుకుని, 'అందరం బాగున్నాం, మెల్లగా రా' అన్నావు చూడు, ఆ రాతిగుండె నాకు లేదు. ఏడ్చేవాళ్ళని కూడా ఏడవనివ్వలేదటగా!"

"ఏడవనివ్వలేదు. చెయ్యి పైకెత్తి సైగ చేశాను. అందరూ చెంగులు నోట్లో కుక్కుకున్నారు. నువ్వు ఫోన్ పెట్టేశాకే ఏడ్చారు."

"సిగ్గు లేకుండా ఎలా చెప్తున్నావే!"

"ఇంకోటి కూడా ఉందిరా. ఇన్నాళ్ళూ చెప్పే ధైర్యం లేకపోయింది." ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. "పోయేముందు అమ్మ నీకోసమే అడిగింది. వాడికి కబురు చేశావా అంది. చేశాను, వస్తున్నాడు అన్నాను. గుమ్మం వైపే చూస్తూ పోయింది. అటు అమ్మకీ అబద్ధమే, ఇటు నీకూ అబద్ధమే చెప్పాను."

"నువ్వసలు మనిషివేనా?" అని అరిచాడు పెద్దడ్రైవరు. హోటల్లో తింటున్నవాళ్ళు ఇటు తిరిగారు. "అమ్మ నన్ను చూడాలంటే కూడా... నీకు నోరెలా వచ్చింది?"

అతను ఇంకేదో అనబోతుండగా ఫోన్ మోగింది. కొడుకేమో అని ఆత్రంగా చూశాడు. కాదు, కూతురు.

"నాన్నా..." అంది. ఆ తర్వాత మాటలేమీ లేవు, ఏడుపే. వెనకాల అల్లుడు "మామయ్యకి మెల్లగా చెప్పు" అంటున్నాడు.

అతను బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఎవరూ చెప్పకపోయినా అక్కకు అర్థమైంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఏడవబోతుండగా ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి కొడుకే.

అతను అక్క వైపు చూశాడు. చెప్పమనీ, వద్దనీ ఆవిడ అనలేదు. నేల చూపులు చూస్తూ కూర్చుంది.

"నాన్నా, ఏంటిన్నిసార్లు చేశావు?" ఇంజన్ హోరులో కొడుకు అరుస్తున్నాడు. "పైన సిగ్నల్ లేదు. ఇప్పుడే దిగుతున్నా. వాన దంచేస్తోంది, ముందు బండి కూడా కనబడట్లేదు. ఏమైంది?"

పక్కకు ఆపమంటే? ఆపుతాడు. చెప్తే వింటాడు. విన్నాక, ఆ నిండు లోడును ఆ వానలో కిందికి దింపాల్సింది మళ్ళీ వాడే. తల్లి దగ్గరికి రెక్కలు కట్టుకుని రావాలనుకుంటాడు. తన తండ్రి కూడా అలాగే అనుకుని ఉంటాడు.

"ఏం లేదురా. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాగా, తోచక చేశాను."

కొడుకు నవ్వాడు. "అమ్మ లేకపోతే నీకు పొద్దు గడవదు. కింద ఆగి అమ్మకి ఫోన్ చేస్తాలే, తొందరగా వచ్చెయ్యమని."

"వద్దు. పడుకుందట, లేపకు." అతను భుజం మీది కండువా చేతిలోకి తీసుకున్నాడు. "నేనూ అక్కడికే వెళ్తున్నా. లోడు దించేసి నువ్వూ నేరుగా మీ అక్క ఇంటికే వచ్చెయ్. మలుపుల్లో బ్రేకు నమ్ముకోకు, చిన్న గేర్‌లో దింపు."

"నాకు నేర్పుతున్నావా నాన్నా! సరే, ఉంటా."

ఫోన్ ఆగింది. కండువా నోట్లో కుక్కుకుని అతను కిందికి వంగిపోయాడు. వెంటనే కూతురికి ఫోన్ చేసి, తమ్ముడికి ఎవరూ ఏమీ చెప్పొద్దనీ, వాడు ఫోన్ చేస్తే ఏడవొద్దనీ చెప్పాడు. చెప్తుంటే అది తన గొంతులా అనిపించలేదు. అవతల కూతురు "అలాగే నాన్నా" అంటూనే వెక్కిళ్ళు మింగింది.

ఎదురుదారి బస్సు హారన్ కొట్టింది. అది అక్క ఎక్కాల్సిన బస్సు. ఆవిడ కదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది.

"వాడు నన్ను ఈ జన్మలో క్షమించడు అక్కా" అన్నాడు.

"క్షమించడు." ఆవిడ ఓదార్చలేదు. "వచ్చి నిలదీస్తాడు. నోటికొచ్చినట్టు తిడతాడు. పడాలి."

"నువ్వెలా పడ్డావే?"

"ఆ రోజు గుమ్మంలో నిలబడి నువ్వు తిడుతుంటే, ఒక్క మాటా నా చెవికెక్కలేదురా. నీ కాళ్ళు చూసుకున్నాను, చేతులు చూసుకున్నాను, మొహం చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. నాన్నని అలా చూసినదాన్ని, నాకింకేం కావాలి? తిడితే తిట్టాడు, బతికొచ్చాడు అనుకున్నాను."

పెద్దడ్రైవరు అక్క ఒళ్ళో తల పెట్టి, పదిమందీ చూస్తున్నారన్న సిగ్గు లేకుండా, తల్లి కోసమూ పెళ్ళాం కోసమూ కలిపి ఒక్కసారే ఏడ్చాడు.