బంధుసూచి

“ఆ గాజుగోడ పగిలితే గదిలో నీళ్లు ఎంతసేపటికి నిండిపోతాయే?”

కళింగపట్నంలోని తన వంటింట్లో నిలబడి చిలకమ్మ అడుగుతున్నది గ్రంథాలయాన్ని. 2081లో గ్రంథాలయం అంటే గోడలోంచి పలికే గొంతు. పైమాట కాక దాని వెనకున్న భావాన్ని పట్టుకుని, కోట్ల పుటల్లోంచి కావలసింది వెతికి తెచ్చే ఆ సెమాంటిక్ యంత్రం పేరు భావశోధిని.

“ఈ నెలలో ఇది మీరడిగిన రెండువందల పదో ప్రమాదం,” అంది భావశోధిని.

“నీకూ పిల్లలుంటే తెలిసేది.”

కూతురు హేమంతి సముద్రం అడుగున గాజుగోడల స్టేషన్లో నాచు పెంచుతోంది. నాలుగు నెలల కిందట, “నన్ను సదువుకోనియ్యవా అమ్మా?” అని విసుక్కుంది. అంతే, మళ్లీ పలకలేదు. ఎన్ని కబుర్లు పంపినా జవాబు లేదు. తానేం అడ్డుపడిందో చిలకమ్మకి ఎంతకీ అర్థం కాలేదు.

“అదేటి సదువుతోందో సెప్పు. బతికుందని...” శాంతం పాపం అనుకుంటూ లెంపలేసుకుంది.

“ఆమె చదువు చెప్పకూడదు. మీ నుంచి ఆమెకు వెళ్లేది చెప్పొచ్చు.”

అప్పుడు తెలిసింది బంధుసూచి సంగతి. అది ప్రతి మనిషికీ ఉండే బంధువుల జాబితా; అందులోని అయినవాళ్లు ఎక్కువగా వెతికినవే మనకూ ముందు వరుసలో వస్తాయి. హేమంతి బంధువుల్లో మొదటి పేరు చిలకమ్మదే. ఆ పిల్ల ఎరువుల గురించి అడిగితే పగుళ్లు వచ్చాయి. కథలడిగితే మునిగిపోయినవాళ్లు వచ్చారు.

“ఆపెయ్యే!”

“ఆపాలంటే జాబితాలోంచి మీ పేరు తీసేయాలి.”

“బతికున్న పిల్లకి నీళ్లొదిలెయ్యమంటావేటే?”

ఆ రోజు నుంచి చిలకమ్మ భయాన్ని నోటిదాకా రానివ్వలేదు. దోసకాయ చేదెలా పోతుందని అడిగింది. కుట్టుమిషన్లో దారమెందుకు తెగుతుందని అడిగింది. తుపాను హెచ్చరిక వచ్చిన నాడు చీరకొంగు పళ్ల మధ్య బిగించి, మళ్లీ దోసకాయ గురించే అడిగింది.

“మీరడిగేది దోసకాయ గురించి కాదు కదా?”

“దోసకాయే! అలాగే రాసుకో.”

ఇంట్లో గోడతో తప్ప మాట్లాడే మనిషి లేదు. ఒక వారం, రెండు వారాలు, మూడు.

ఇరవైమూడో రోజు పొద్దున్న గోడలోంచి వేరే గొంతు పలికింది.

“అమ్మా! ఏటడిగినా ఈ గ్రంథాలయం దోసకాయలంటాది, దారాలంటాది. మూడు వారాలై ఒక్క ప్రమాదమూ రాలేదు. నీకేటయింది? నాకు భయమేస్తోందమ్మా!”