పిట్ట జేబులో అద్దం

"అద్దం ఏది?"

అమ్మ గొంతు వినగానే పిట్ట గౌను జేబు మీద చెయ్యేసుకుంది.

బడికి సెలవని ఆ రోజు అమ్మ వెంట విమానాల షెడ్డుకి వచ్చింది. విమానంలో కంప్యూటర్లు బాగుచేయడం అమ్మ పని. ఆవిడ పనిముట్ల పెట్టెలో నల్లటి స్పాంజి ఉంటుంది. ఒక్కో పనిముట్టుకి దాని ఆకారంలోనే ఒక గుంట. పని అయ్యాక గుంటలన్నీ నిండాలి. ఒక్కటి ఖాళీగా ఉన్నా విమానం కదలదు.

ఇప్పుడు ఒకటి ఖాళీ. పొడుగాటి కాడకి బిగించిన చిన్న అద్దం లేదు. తల దూరని సందుల్లో వైర్లు చూడ్డానికి అది కావాలి.

కదులుతున్న పన్ను చూసుకుందామని పిట్ట దాన్ని తీసింది. ఇంకా జేబులోనే ఉంది.

"లోపలే వదిలేసుంటావమ్మాయ్!" అన్నాడు పక్కనే ఉన్న పెద్ద ఇంజనీరు, అమ్మతో. తప్పెవరిదో ముందే తేల్చేయడం పెద్దవాళ్ళకి అలవాటు. "పైలట్‌కి ఎత్తూ, వేగమూ చూపించే కంప్యూటర్లవి. గాల్లో ఉండగా ఆ ఇనుపకాడ వైర్లకి తగిలితే? మళ్ళీ విప్పు."

"నేను వదల్లేదు సార్."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

అమ్మ అప్పుడే బిగించిన మూత దగ్గర మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. అవతల ప్రయాణికులు పడిగాపులు కాస్తున్నారు.

పిట్టకి ఏడుపు తన్నుకొచ్చింది. "అమ్మ వదల్లేదు! నేనే తీశా," అంటూ జేబులోంచి అద్దం తీసి చూపింది.

చీవాట్లు తప్పవనుకుంది.

"బతికించావే తల్లీ!" అన్నాడాయన. "చెప్పకపోతే సాయంత్రం దాకా తవ్వేవాళ్ళం." అమ్మవైపు తిరిగాడు. "తొందరపడి నోరు జారానమ్మాయ్. ఏమనుకోకు."

అమ్మ పిట్ట తల నిమిరింది. "నా తరఫున మాట్లాడావే," అంది.

అందరి మొహాలూ తేటపడ్డాయి. అద్దం అంచు ఎవరూ చూడలేదు. ఇక ఊరుకుంటే సరిపోయేది.

కానీ రేపెవరైనా చూస్తే? మళ్ళీ అమ్మనే అడుగుతారు. విమానమంతా మళ్ళీ విప్పిస్తారు.

"అమ్మా, ఆగు!" అంది పిట్ట. "అంచు కొంచెం విరిగింది. షెడ్డు మూల కుళాయి దగ్గర నా చేతిలోంచి జారిపడింది. ముక్క అక్కడే ఉండాలి."

పెద్ద ఇంజనీరు తన టార్చి తీసి పిట్ట చేతిలో పెట్టాడు.

"నువ్వు ముందు నడువు తల్లీ. మేం నీ వెనకే."

పిట్ట కళ్ళు తుడుచుకుని కుళాయివైపు నడిచింది.