ఒక జవాబుకు ఒక కబురు

ఫిల్మ్ నగర్ మొత్తం మీద, పేపర్లో వచ్చే గళ్ళనుడికట్టును కాఫీ చల్లారేలోపు, ఒక్క కొట్టివేత లేకుండా పూర్తిచేసే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషిని నేనే, పేరు వెంకటనర్సయ్య. మా ఊరి బడిలో నేను చదివింది ఐదో తరగతి వరకే. అయితేనేం, మా పంతులుగారి బెత్తం పుణ్యమా అని నిఘంటువు మొత్తం నా వీపు మీద అచ్చయింది. ఇప్పటికీ వాన పడితే 'క్ష' అక్షరం దగ్గర సలుపుతుంది.

కానీ ఈ కథ నాది కాదు. మా పై అంతస్తులో ఉండే సత్యలక్ష్మిది, ఆమె కోడలు ప్రణతిది.

సత్యలక్ష్మిది తెనాలి వైపు. భర్త పట్టాభిరామయ్య పోయాక కొడుకు రవిచంద్ర దగ్గరికి వచ్చేసింది. రవిచంద్ర బ్యాంకులో పనిచేస్తాడు. ప్రణతి సినిమాలకు మాటలు రాస్తుంది. వచ్చిన కొత్తలో అత్తాకోడళ్ళ మధ్య "కూరలో ఉప్పు సరిపోయిందా?" అన్న మాట తప్ప ఇంకో మాట ఉండేది కాదు. ఒక పొద్దున గళ్ళనుడికట్టు నింపుతూ క్రికెట్ గురించిన ఆధారం దగ్గర అత్తగారు ఆగిపోతే, కోడలు భుజం మీదుగా తొంగిచూసి నవ్వింది.

"నాకు తెలుసు. కానీ ఊరికే చెప్పను అత్తయ్యా. ఒక జవాబుకు ఒక కబురు. మీ చిన్నప్పటిదో, మావయ్యగారిదో."

అప్పట్నుంచి అదే వాళ్ళ లెక్క. పురాణాలు, పువ్వులు, వంటలు అత్తగారివి. ఆటలు, దేశాలు, ఫోన్లో ఉండేవన్నీ కోడలివి. తెలిసిన జవాబును కూడా తెలియనట్టు నటించి కోడల్ని పిలవడం సత్యలక్ష్మికి అలవాటైంది. కబురు చెప్పాలన్న తహతహ ఆమెదే మరి.

ఆ రోజు కూడా పొద్దున్నే కాఫీకి నేను పైకి వెళ్ళాను. సత్యలక్ష్మి పేపరు బల్ల మీద పరుచుకుని కూర్చుంది. రవిచంద్ర లాప్‌టాప్ తెచ్చి ఆ పేపరు మీదే పెట్టాడు.

"అమ్మా, పజిల్ కాసేపు ఆపు. నీ కోడలి మొదటి సినిమా టీజర్. సాయంత్రం వదులుతారు. అందరికన్నా ముందు నువ్వే చూడాలి."

వంటింట్లోంచి ప్రణతి గబగబా వచ్చింది. "ఇప్పుడెందుకు రవీ? తర్వాత చూద్దాంలే..."

"చూశారా నర్సయ్యగారూ, సిగ్గు!" అని నవ్వుతూ మీట నొక్కాడు.

తెర మీద ఆసుపత్రి వరండా. తలనెరిసిన తల్లి ఒకామె బెంచీ మీద కూర్చుని కొడుకుతో అంటోంది. "మీ నాన్న ఆఖరిసారి మంచినీళ్ళడిగితే, 'ఇప్పుడేగా తాగారు' అని విసుక్కున్నానురా."

"ఎలా ఉందమ్మా? ఎడిటింగ్ రూమ్‌లో అందరూ ఏడ్చారట. నిన్న రాత్రి నేనూ ఏడ్చాను. ఎలా తడతాయో తనకి!"

సత్యలక్ష్మి చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది.

"తనకి తట్టలేదురా. నేను చెప్పాను."

రవిచంద్ర మొహంలో నవ్వు ఇంకా పోలేదు. "నువ్వేం చెప్పావు?"

"ఆ మాట. మీ నాన్న సంగతి. ఆ రాత్రి నువ్వు మందులకు వెళ్ళావు. నీకు చెప్పడానికి నోరు రాలేదు. దీనికి చెప్పాను. ఏదో దేశం పేరు అడిగాను, చెప్పింది. కబురు అడిగింది. ఇన్నాళ్ళూ లోపల కుక్కుకున్నది తీసి దీని ఒళ్ళో పెట్టాను."

"అత్తయ్యా, అందులో మీ పేరెక్కడా..."

"పేరు లేకపోతే నాది కాకుండా పోతుందా?"

ప్రణతి కుర్చీ పట్టుకుని నిలబడింది. "ఆ సీను ఎన్నిసార్లు రాసినా డైరెక్టరుగారు తిప్పిపంపారు. ఆ రోజు మీ మాట నోట్లోంచి వచ్చేసింది. ఆయన వెంటనే సరేనన్నారు. 'నీదేనా?' అన్నారు. అవునన్నాను. మా దగ్గర అందరూ అంతే అత్తయ్యా. ఇంట్లో విన్నది రాసేస్తారు."

"అది నువ్వు విన్నది కాదే. నేను నీకు చెప్పింది."

నేను మెల్లగా లేచాను. "చెల్లెమ్మా, నేను జర కిందికి పోయొస్త."

"కూచోండి అన్నయ్యగారూ. సాయంత్రానికి ఊరంతా వినేదే. మీరు వింటే ఏం పోయింది?" అని కోడలి వైపు తిరిగింది. "రోజూ కబురు కబురని వెంటపడుతుంటే నా మీద ఇష్టమనుకున్నాను. సరుకు మోసుకుపోతున్నావనుకోలేదు."

రవిచంద్ర లాప్‌టాప్ మూసేశాడు. "మా నాన్న సంగతని తెలియకుండానే ఏడ్చాను కదా ప్రణతీ. పక్కనే కూర్చున్నావు. అప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

ప్రణతి చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సత్యలక్ష్మి పేపరు నా ముందుకు తోసింది.

"ఇక ఆవిడ సాయం నాకక్కర్లేదు. మీరు కాఫీ చల్లారేలోపు నింపేస్తారుగా అన్నయ్యగారూ. పదకొండు నిలువు చెప్పండి."

నా కాఫీ అప్పటికే చల్లారింది. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

"చెల్లెమ్మా, నీ దగ్గర దాచుడెందుకు? నేను నింపేది నిన్నటి పేపరు. ఇయ్యాల్టి దాంట్ల జవాబులు వస్తయ్ గద, గవి చూసుకుంట నింపుత."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అయితే ఈ ఇంటి గడప తొక్కేవాళ్ళంతా దొంగలేనన్నమాట!" అని నవ్వింది. ఆ నవ్వు సగంలో విరిగి ఏడుపైంది.

రవిచంద్ర వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, ఆ రాత్రి నేను మందులు తీసుకుని తిన్నగా రాలేదు. ఆ గదిలోకి రాలేక, బయట నిలబడి టీ తాగాను. నువ్వొక్కదానివే కాదు."

ఆమె కొడుకు తల మీద చెయ్యి వేసింది.

మధ్యాహ్నం దాటాక ప్రణతి తిరిగొచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగింది.

"ఆ మాట తీసేయించాను అత్తయ్యా. ఇవాళ టీజర్ రాదు."

"బదులేం రాశావు?"

"ఏమీ రాయలేదు. ఆ సీన్లో తల్లి మాట్లాడకుండా కూర్చుంటుంది, అంతే."

"మీ డైరెక్టరు ఊరుకున్నాడా?"

"ఆ మాట నాది కాదని చెప్పేశాను. వచ్చే సినిమాకి వేరేవాళ్ళని చూసుకుంటానన్నారు."

సత్యలక్ష్మి కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ సినిమా కోసం ఆ పిల్ల ఎన్నేళ్ళు ఎంతమంది వెనక పేరు లేకుండా రాసిందో ఆమెకు తెలుసు.

"అన్నం తిన్నావా?"

"లేదు."

"చెయ్యి కడుక్కురా."

కంచంలో పప్పు వడ్డిస్తూ, మొహం చూడకుండానే అంది. "నీకు చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. ఇప్పట్లో చెప్పను."

"చెప్పొద్దు అత్తయ్యా."

"ఎప్పటికీ చెప్పనని అనలేదే!"

ప్రణతి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, ఎడమచేత్తో అత్తగారి కొంగు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. "తిను ముందు, చల్లారిపోతోంది" అంటూ సత్యలక్ష్మి కూడా కళ్ళు తుడుచుకుంది.

చదివినవాళ్ళకు ఒక్క మాట. ఇందులో ఒక్క సంగతి నేను అల్లాను. పంతులుగారి బెత్తం కాదు, అది అక్షరాలా నిజం. ఆ రాత్రి ఆసుపత్రిలో జరిగింది, మంచినీళ్ళతో సహా, నా కల్పన. సత్యలక్ష్మి చెప్పిన అసలు మాట ఆ పొద్దున బల్ల దగ్గర నేనూ విన్నాను. అది వేరే. దీనికన్నా చిన్న మాట, దీనికన్నా లోతుగా దిగే మాట. అది రాసి ఉంటే కథ ఇంకా బాగుండేది, మీరు ఇంకాస్త ఏడ్చేవారు. అందుకే రాయలేదు.